ఇంజను చప్పుడు మాన్పిన థామస్ మిజ్లీ

మహనీయుల జీవితచరిత్రలు చదువునపుడు గుణములను మాత్రమే ఏరుకొని తక్కినదానిని విడిచిపెట్టుట మనకు వాడుక. కాని కొందరి జీవితములలో మేలును కీడును పడుగు పేకలవలె అల్లుకొనియుండును. ఒకదానిని లాగినచో రెండవదియు వెంట వచ్చును. అమెరికా దేశీయుడైన థామస్ మిజ్లీ జీవితము అట్టిది. మోటారు ఇంజనుకు తగిన పెట్రోలును కనుగొని ఆయన లోకప్రసిద్ధుడయ్యెను. ఆ పెట్రోలే లోకమునకు విషమయ్యెను. మన హోసూరు ప్రాంతమున మోటారు కర్మాగారములు వెలసినవి. మన పాఠశాల పిల్లలలో కొందరు పెద్దవారై ఆ పనిలో ప్రవేశింపవచ్చును. అందువలన ఈ చరిత్రను గుణదోషములు రెండింటితో వారికి చెప్పుట యుక్తమని తలంచితిమి.

మిజ్లీ 1889వ సంవత్సరము మే 18వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బీవర్ ఫాల్స్ పట్టణమున జన్మించెను. ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్ నగరమున పెరిగెను. తండ్రి మోటారు టైర్ల విషయమున క్రొత్త పద్ధతులు కనిపెట్టినవాడు. కుమారుడు 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రములో పట్టము పొందెను. ఉత్తరోత్తర రసాయనశాస్త్రజ్ఞుడుగా లోకము కీర్తించిన ఈతడు ఆ శాస్త్రమును పని చేయుచు, పుస్తకములు తిరుగవేయుచు, స్వయముగా నేర్చుకొనెను. విద్యార్థులు గమనింపదగిన సంగతి యిది.

1916లో ఆయన డేటన్ నగరమున చార్లెస్ కెటరింగ్ వద్ద ఉద్యోగమున చేరెను. కారును చేతితో త్రిప్పనక్కరలేకుండ విద్యుత్తుతో కదలించు స్టార్టరును రూపొందించినవాడే యీ కెటరింగ్. ఆనాటి ఇంజనులకు ఒక వింత జబ్బుండెను. ఎత్తు ఎక్కునపుడు లోపల ఎవరో సుత్తితో కొట్టినట్లు చప్పుడు వినవచ్చెడిది. దానికి నాకింగు అని పేరు. కెటరింగ్ తయారుచేసిన బ్యాటరీ జ్వలనపద్ధతియే దీనికి కారణమని పలువురు నిందించిరి. ఆ నింద నిజమా కాదా యని తేల్చు భారము మిజ్లీపై పడెను.

ఈ జబ్బు స్వరూపమును కొంచెము వివరింపవలసియున్నది. ఇంజను సిలిండరు గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి లోనికి పీల్చుకొనును. పిస్టను ఆ మిశ్రమమును అదిమిపెట్టును. అపుడు నిప్పురవ్వ పుట్టి మిశ్రమము అంటుకొని పిస్టనును క్రిందికి నెట్టును. ఎంత గట్టిగా అదిమినచో అంత శక్తి లభించును. కాని హద్దు మీరి అదిమినచో, మంట ఇంకను చేరని మూలలోని మిశ్రమము వేడికి తాళలేక తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమనును. సుత్తిదెబ్బ వంటి ఆ చప్పుడు అదియే. దానిని లెక్కచేయక కారును నడిపినచో కొంతకాలమునకు పిస్టను తల కరగి తూటుపడును.

సూపర్‌చార్జరు అమర్చిన కారులో ఈ బాధ మరింత తీవ్రము. సూపర్‌చార్జరు అనగా ఇంజను శక్తితోనే తిరుగుచు, బయటి గాలిని ఒత్తి సిలిండరులోనికి నెట్టు యంత్రము. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో ఇంజనుకు ఇది అట్టిది. గాలి యెక్కువైనకొలది పెట్రోలు కూడ ఎక్కువ పోయవలెను. అపుడు చిన్న ఇంజను పెద్ద ఇంజను పని చేయును. కాని ఒత్తిడితోపాటు వేడియు పెరుగుటచే నాకింగు వెంటనే తల యెత్తును. పనివాడు దానికి కొన్ని ఉపాయములు చేయును. నిప్పురవ్వను కొంచెము ఆలస్యముగా పుట్టించును. పెట్రోలు పాలు పెంచి, ఆవిరి యగునపుడు అది లోపలి వేడిని తగ్గించునట్లు చూచును. అప్పటికిని తగ్గనిచో తిత్తి ఒత్తిడినే తగ్గించును. మొదటి ఉపాయమున శక్తి తగ్గును; రెండవదానిలో పెట్రోలు వృథా యగును; మూడవదానిలో సూపర్‌చార్జరు పెట్టిన ప్రయోజనమే కొరవడును. ఇక మిగిలినది, ఎంత అదిమినను తొందరపడని పెట్రోలును సంపాదించుట. మిజ్లీ వెదకినది దానినే.

మొదట ఆయన సిలిండరులోని పీడనమును తెలుపు సాధనముతో పరిశీలించి, నాకింగు నిప్పురవ్వకు ముందు గాక తరువాతనే కలుగుచున్నదని గ్రహించెను. కావున దోషము జ్వలనపద్ధతిది కాదు, ఇంధనముది. అపుడు కెటరింగునకు ఒక అడవితీగ జ్ఞప్తికి వచ్చెను. ఆకుల అడుగు ఎర్రగా నుండు ఆ తీగ మంచు పూర్తిగా కరగకముందే పూయును. ఎరుపు వేడిని త్వరగా గ్రహించునేమో, చమురుకు ఎర్ర రంగు వేసినచో చక్కగా ఆవిరియై మండునేమో యని వారు ఊహించిరి. చమురులో కరగు ఎర్ర రంగు ఆనాడు చేతికందలేదు. దాని బదులు అయోడిను కలిపిరి. చప్పుడు తగ్గెను!

మరియొకడైనచో అచ్చట ఆగియుండును. మిజ్లీ నిజమైన ఎర్ర రంగులు తెప్పించి కలిపి చూచెను. చప్పుడు ఏమాత్రమును తగ్గలేదు. రంగులేని అయోడిను సమ్మేళనమును కలిపెను. చప్పుడు తగ్గెను. ఎరుపునకు ఈ పనితో సంబంధమే లేదు. ఊహ తప్పైనను దానివలన త్రోవ దొరికెను.

అయోడిను ఖరీదైనది, లోహమును తినివేయును. కావున వెదకులాట అయిదేండ్లు సాగెను. అనిలిను కొంత పని చేసెనుగాని దాని కంపు దుర్భరము. టెలూరియము ఇంకను బాగుగా పనిచేసెను. కాని దానిని ముట్టినవారి ఒంటికి పట్టిన వెల్లుల్లివంటి వాసన స్నానము చేసినను వదలలేదు. తుదకు మిజ్లీ గుడ్డిగా వెదకుట మాని మూలకముల పట్టికను ముందిడుకొని, గుణము ఏ దిక్కునకు పెరుగుచున్నదో చూచుచు పోయెను. ఆ దారి సీసము వద్దకు చేర్చెను. 1921 డిసెంబరు 9వ తేదీన టెట్రా ఇథైల్ లెడ్ అను ద్రవమును కొంచెము పెట్రోలులో కలుపగా చప్పుడు మాయమయ్యెను. గ్యాలనుకు 3 ఘన సెంటీమీటర్లు చాలును.

1923 ఫిబ్రవరిలో డేటనులో ఈ పెట్రోలు అమ్మకమునకు వచ్చెను. ఆ యేడు ఇండియానాపొలిస్ పందెములో మొదటి మూడు స్థానములు పొందిన కార్లు దానినే వాడినవి. ఇంధనపు ఓర్పును కొలుచుటకు ఆక్టేను సంఖ్య అను కొలమానమును గ్రాహం ఎడ్గర్ 1927 నాటికి ఏర్పరచెను. వెంటనే నాకింగు పుట్టించు హెప్టేనుకు 0, మిక్కిలి ఓర్చుకొను ఐసో ఆక్టేనుకు 100. మంచి పెట్రోలు లభించినకొలది ఇంజనుల పీడనము పెరిగెను. 1932లో డ్యూసెన్‌బర్గ్ సంస్థ సూపర్‌చార్జరు గల ఎస్‌జె అను కారును తెచ్చి, అది 320 అశ్వశక్తి గలదని ప్రకటించెను. సూపర్‌చార్జరు లేని జె రకమునకు ప్రకటించినది 265. మన దేశమున ఇందోరు మహారాజు యశ్వంతరావు హోల్కర్ ఈ సంస్థవారి సూపర్‌చార్జరు కారు నొకదానిని తెప్పించుకొనెను. 1940లో బ్రిటన్‌ను కాపాడిన యుద్ధవిమానముల మెర్లిన్ ఇంజనులు, 100 ఆక్టేను పెట్రోలు దొరికినందున, సూపర్‌చార్జరు ఒత్తిడిని చదరపు అంగుళమునకు 6¼ పౌన్ల నుండి 12 పౌన్లకు పెంచుకొనగలిగినవి. ఆ పెట్రోలులోను మిజ్లీ కనుగొన్న సీసద్రవ్యమే యుండెను.

ఇది మేలు. ఇక కీడు.

సీసము విషమని ప్రాచీనులకును తెలియును. మిజ్లీకి మరింత బాగుగా తెలియును. 1923 ఆరంభమున సీసవిషము సోకి ఆయనయే పని మాని ఫ్లోరిడాలో కొన్ని వారములు విశ్రమించెను. అయినను ఆ ద్రవమునకు ఇథైల్ అను అందమైన పేరు పెట్టిరి. సీసమను మాట ఆ పేరులో లేదు. పైగా సిలిండరులో సీసము పేరుకొనకుండ బ్రోమిను సమ్మేళనమొకటి కలిపిరి. దానితో సీసము పొగవెంట బయటికి పోవును. ఇంజను శుభ్రమయ్యెను, వీధి మలినమయ్యెను.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున ఈ ద్రవమును తయారుచేయు పనివారు మతి చలించి కేకలు వేయసాగిరి. 5 గురు మరణించిరి. పత్రికలలో గగ్గోలు పుట్టెను. ఆ నెల 30వ తేదీన మిజ్లీ న్యూయార్కులో విలేకరుల యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, నిమిషముసేపు దాని ఆవిరిని పీల్చి, అపాయము లేదని చాటెను. తాను రోగపడిన సంగతిని లోకమునకు తెలియనీయలేదు. ఆయన జీవితమున మిక్కిలి విచారింపదగిన ఘట్టమిదియే యని మా అభిప్రాయము. 1925లో అమ్మకము ఆపి ప్రభుత్వము విచారణ జరిపించెను. ఆలిస్ హామిల్టన్ వంటి వైద్యులు గట్టిగా వారించిరి. కాని కొద్ది నెలల పరీక్షతో, నిషేధించుటకు తగిన ఆధారము లేదని సంఘము తేల్చెను. 1926లో అమ్మకము మరల మొదలయ్యెను.

వేరు దారి లేకపోలేదు. ఆల్కహాలు కలిపినను నాకింగు తగ్గునని మిజ్లీ పరీక్షించి యెరిగియుండెను. కాని ఆల్కహాలు చాల పాళ్లు కలుపవలెను. దానిని ఎవరైనను తయారుచేసికొనవచ్చును. సీసమైనచో చెంచాడు చాలును. దాని పేటెంటు హక్కులు వారి చేతిలోనివి.

1928లో శీతలయంత్రములకు అపాయము లేని వాయువు కావలెనని కోరగా మిజ్లీ ఫ్రియానును కనుగొనెను. అది మండదు, మనుష్యుని చంపదు. కాని అది ఆకాశమున భూమిని కాపాడు ఓజోను పొరను తినివేయునని 1974లో రోలండ్, మోలీనా అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఈ కీడును ఆనాడు ఊహింపగలవారు లేరు. కనుక దీనిని సీసముతో సమముగా ఎంచరాదు.

1940లో మిజ్లీకి పోలియో సోకి కాళ్లు పడిపోయెను. మంచము నుండి లేచుటకు త్రాళ్లతోను కప్పీలతోను ఒక సాధనమును తానే కల్పించుకొనెను. 1941లో ప్రీస్ట్లీ పతకము లభించెను. 1944లో అమెరికా రసాయనశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆ యేడే నవంబరు 2వ తేదీన ఆ త్రాళ్లలో చిక్కుకొని ప్రాణములు విడిచెను. అప్పటికి ఆయన వయస్సు 55 ఏండ్లు.

భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని లెక్క కట్టిన క్లెయిర్ ప్యాటర్సన్, తన ప్రయోగములకు ఎచ్చట చూచినను సీసము అడ్డు తగులుట గమనించి, 1965లో ఈ కాలుష్యమును బయటపెట్టెను. సీసము పసిపిల్లల మెదడును కుంటుపరచుననియు, కొంచెమైనను హాని చేయుననియు తరువాతి పరిశోధనలు తెల్పినవి. అమెరికాలో 1996లో రోడ్డు కార్లకు సీసపు పెట్రోలు నిషిద్ధమయ్యెను. మన దేశమున 2000లో తొలగెను. చిట్టచివరి దేశమైన అల్జీరియాలో 2021లో అమ్మకము ముగిసెను. కనుగొన్న నాటినుండి సరిగా నూరేండ్లు!

సీసము పోయినంతమాత్రమున సూపర్‌చార్జరు కార్లు పోలేదు. నేడు ఒత్తిన గాలిని సిలిండరులోనికి పంపకముందే చల్లార్చుచున్నారు. ఇంజనుకు చెవివంటి పరికరము నమర్చుచున్నారు. అది నాకింగును వినగనే కంప్యూటరు నిప్పురవ్వను కొంచెము ఆలస్యము చేయును. శుద్ధికర్మాగారములలో పెట్రోలు నిర్మాణమునే మార్చి ఆక్టేను పెంచుచున్నారు. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు, అనగా ఆనాడు కాదన్న ఆల్కహాలే, కలుపు స్థితి వచ్చినది. ఇప్పటికిని తెలివిగల పనివాడు గాలి ఒత్తిడిని పెంచుటకు ముందు, తనకు ఏ ఆక్టేను పెట్రోలు నికరముగా దొరకునో విచారించును.

మిజ్లీ సోమరి కాడు, అజ్ఞాని కాడు. పట్టుదలయందు ఆయన మన విద్యార్థులకు ఆదర్శమే. అయిదేండ్లు ఒక చప్పుడును వెంటాడి పట్టుకొనెను. కాని పొగగొట్టము దాటిన పిమ్మట సీసము ఎవరి ఊపిరిలో చేరుచున్నదను ప్రశ్నను అంత పట్టుదలతో వెంటాడలేదు. కారులో కూర్చున్నవారికి శక్తి లభించెను. దాని వెల త్రోవప్రక్కన ఆడుకొను బిడ్డలు చెల్లించిరి. రేపు ఇంజనుల కొలువులో చేరు మన పిల్లలు ఆయనవలె వెదకుదురుగాక. వెదకి కనుగొన్నదానిని అమ్ముటకు ముందు, ఆయన విడిచిన ప్రశ్నను కూడ అడుగుదురుగాక.