కణానికి కూడు పెట్టిన మనవాడు

తీగపాకం సంగతి అనకాపల్లివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఈమధ్య ప్రయోగశాలల్లో పాలిమర్ ద్రావణాన్ని అధిక వోల్టేజీ విద్యుత్తుతో అలాగే తీగలు లాగుతున్నారు. తలవెంట్రుక కంటే వందలరెట్లు సన్నని పోగులవి. వాటి అల్లికపై జీవకణాలను నాటి, చెడిపోయిన చర్మానికో ఎముకకో బదులు కొత్తది పెంచాలని ప్రయత్నం. బీరపాదుకు పందిరి వేసినట్లన్నమాట. కాని పందిరి ఉంటే చాలునా? పాదుకు ఎరువు కావాలి. ఆ కణాలకు పోసే పోషకద్రవంలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని వెనుక ఒక తెలుగువాడి జీవితం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు (పరీక్ష తప్పిన మిత్రులు గమనించాలి!). మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి శుష్కించిపోయే రోగమది.

మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థా ఆదుకోగా అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతినీ, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏ.టి.పి.నీ లోకానికి తెలిపారు. కండరం దేనితో కదులుతుందో చెప్పినవాడికి అక్కడ స్థిరమైన ఆచార్యపదవి మాత్రం దక్కలేదు!

1940లో లెడర్లీ కంపెనీకి మారారు. ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూకు మందయింది. తోబుట్టువులు పోయిన పాతికేళ్ళకు! కొత్త కణం పుట్టాలంటే ఈ ఆమ్లం ఉండాలి. అందుకే దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే చేసింది. దానితో 1948లో డాక్టర్ ఫార్బర్ పసిపిల్లల రక్తక్యాన్సరును కొంతకాలమైనా అణచగలిగారు. మన కోస్తాను పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా అక్కడిదే.

ఇంకో చిత్రం. లెడర్లీ మాతృసంస్థ అమెరికన్ సయనమిడ్. ఒంట్లో కరిగిపోయే కృత్రిమ కుట్టుదారాన్ని 1970లో తెచ్చింది ఆ సంస్థవారే. ఆ పాలీగ్లైకోలిక్ ఆమ్లపు పోగులే తరువాత కణాలకు వేసిన తొలి పందిళ్ళలో చేరాయి.

సుబ్బారావుగారు అది చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే న్యూయార్కులో కన్నుమూశారు. వెళ్ళినవాడు తిరిగి రానే లేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు.