దేవీప్రసాద్ రాయ్ చౌధురి

1899లో వంగదేశమునందలి తాజహాటులో జన్మించిన దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారు అవనీంద్రనాథ ఠాకూరుగారి యొద్ద చిత్రలేఖన మభ్యసించిరి. కాని వారి కీర్తి కంచులో నిలిచినది. 1929 మొదలు 1957 వరకు చెన్నపట్టణపు చిత్రకళాశాల కధ్యక్షులుగా నుండిరి. దొరల కలవాటైన యా పీఠమున కూర్చున్న తొలి భారతీయులు వారే. మన అంట్యాకుల పైడిరాజుగారు వారి శిష్యులు.

1942 ఆగస్టు 11న పాట్నా సచివాలయముపై జెండా నెత్తబోయి గుండ్లకు కూలిన యేడుగురు విద్యార్థులను వారు శిల్పమున నిలిపిరి. అందు కొందరొరగుచుండగా జెండా ముందునకే సాగుచున్నది. 1959లో చెన్నపురి సముద్రతీరమున వెలసిన ‘శ్రమవిజయము’న నలుగురు కూలీలు బండను కదలించుచున్నారు. దొరలను పీఠములపై నిలిపిన పట్టణమున కూలివానికి పీఠము దొరకుట సామాన్యమా! వారి కృతులలో మేము దీనినే మిన్నగా నెంతుము.

ఢిల్లీలోని దండియాత్ర శిల్పము ముగియకమునుపే, 1975లో, వారు కీర్తిశేషులైరి. సతీమణి పర్యవేక్షణమున శిష్యుడే దానిని పూర్తిచేసెను.