మరుభూమిలో జమ్మినీడ: జంభేశ్వరుని చరిత్రము

విజయదశమినాటి సాయంకాలమున తెలుగు పల్లెలలో జనులు ఊరి వెలుపలనున్న జమ్మిచెట్టు కడకు పోయి, ప్రదక్షిణము చేసి, ఆకు తెచ్చి పెద్దల చేతిలోనుంచి నమస్కరింతురు. అజ్ఞాతవాసమునకు పోవు పాండవులు తమ యాయుధములను ఆ చెట్టుపైననే దాచిరని విరాటపర్వము విన్నవారందఱు నెఱుగుదురు. శమీవృక్షగర్భమున అగ్ని యుండునని మన పూర్వులు చెప్పిరి. తెలుగువారు ఏటికొకనాడు పూజించు ఆ చెట్టును ఏడాది పొడవునను కాపాడుటయే వ్రతముగా గైకొన్న జనులు పడమటి దేశమున గలరు. వారు బిష్ణోయీలు. వారికా వ్రతము నేర్పిన మహనీయుడు జంభేశ్వరుడు. ఆ ప్రాంతమువారు ఆయనను జాంభోజీ యని పిలుతురు.

నేటి రాజస్థాన్ రాష్ట్రమునకు పడమటి భాగమంతయు థార్ ఎడారి. సంస్కృతమున మరువనగా ఎడారి. మార్వాడ్ అను దేశనామమునందు ఆ మాటయే నిలిచియున్నది. అచ్చట ఏడాదికి కురియు వాన 100 మొదలు 500 మిల్లీమీటర్ల లోపే. అదియు ఒక యేడు కురిసి మఱియొక యేడు మొగము చాటువేయును. గాలి వీచినచో ఇసుక తిన్నెలు కదలి పొలములను కప్పివేయును. అట్టిచోట సయితము జమ్మి పచ్చగా నిలుచును. దాని వేరు మిక్కిలి లోతునకు దిగి తేమను వెదకికొనును. ఆకు మేకలకును ఒంటెలకును మేత. లేతకాయలు మనుష్యులకు కూర. వానిని ఎండబెట్టి కఱవు దినములకు దాచుకొందురు. చిక్కుడు, కంది మొదలగువాని కుటుంబమునకు చెందినదగుటచే అది నేలకు సత్తువ నిచ్చును. అందుచేతనే దాని క్రింద విత్తిన సజ్జ బాగుగా పండును. 1868-69 నాటి ఘోరక్షామమున రాజపుతానా ప్రజలు దీని బెరడును పొడిగొట్టి పిండిలో కలుపుకొని తిని ప్రాణములు నిలుపుకొనిరి. కాబట్టి ఆ దేశమున జమ్మి కూలినదనగా ఒక కుటుంబపు గాదె కూలినట్లే.

ఆ మరుభూమిలో నాగౌర్ ప్రాంతపు పీపాసర్ గ్రామమున 1451వ సంవత్సరమున జంభేశ్వరుడు జన్మించెను. తండ్రి పవార్ వంశపు రాజపుత్రుడైన లోహట్‌జీ, తల్లి హంసాదేవి. వారికి ఆయన యొక్కడే సంతానము. పుట్టినది కృష్ణాష్టమినాడు. అది తెలుగువారి లెక్కకు శ్రావణ బహుళాష్టమి. ఉత్తరాదివారు మాసమును పూర్ణిమతో ముగింతురు గనుక వారి లెక్కకు భాద్రపదము. బాలుడు ఏడేండ్లవఱకు పలుకలేదని చెప్పుదురు. పిమ్మట ఇరువదియేడేండ్లు పసులు కాచెను. వివాహమాడలేదు.

పసులకాపరితనమే ఆయనకు గురుకులమయ్యెను. ఏ నీటిగుంట ఎన్నాళ్లు నిలుచునో, ఏ మేత ముందు తఱుగునో, ఏ చెట్టు నీడకు ఏ వేళ మంద చేరునో తెలిసికొనక ఎడారిలో కాపరి బ్రతుకజాలడు. ఆయన బాల్యయౌవనములందు చుట్టుప్రక్కల రాజ్యములు వెలయుచుండెను. ఆయన యెనిమిదేండ్లవాడై యున్నపుడు, 1459లో, రావ్ జోధా జోధ్‌పూర్ నగరమును కట్టించెను. 1488లో రావ్ బీకా బీకానేరును స్థాపించెను. రాజులు కోటలు కట్టుచున్న ఆ కాలముననే ఈ కాపరి వేఱొకవిధమైన కోటకు పునాది వేయబూనెను. దానికి రాయి అక్కఱలేదు. మనుష్యుల యలవాటులే దాని గోడలు.

కఱవు వచ్చినపుడు ఎడారిపల్లెలో జరుగునది క్రమముగా జరుగును. మొదట మేతకై కొమ్మలు నఱకుదురు. తరువాత అమ్ముకొనుటకు మ్రాను నఱకుదురు. ఆకలికి జింకలను చంపుదురు. చెట్టు పోయిన చోటికి ఇసుక వచ్చును. ఇసుక వచ్చిన పొలమున మరుసటి యేడు వాన కురిసినను పంట రాదు. అప్పుడు పసులను తోలుకొని ఊరు విడిచి పోవుదురు. ఒక యేటి కఱవు ఈ విధముగా పదియేండ్ల కఱవగును. దైవము వాన నీయకపోవుటకు మనుష్యుడు చేయగలది లేదు గాని, రెండవ కఱవు మనుష్యుడు తెచ్చుకొన్నదే. జాంభోజీ బోధకు మూలము ఇదియే.

తల్లిదండ్రులు గతించిన పిమ్మట ఆయన ఉన్నది విడిచి, నేటి బీకానేర్ జిల్లాలోని సమ్రాథల్ అను ఇసుక తిన్నెపై నివాసమేర్పఱచుకొనెను. 1485లో కఱవు పీడించినపుడు ఆయన జనులకు ధాన్యమిచ్చి, వలసపోవువారిని నిలిపెనని బిష్ణోయీలు చెప్పుకొందురు. ఆ యేట దీపావళికి ముందు వచ్చు బహుళాష్టమినాడు తన మార్గమును ప్రారంభించెను. జాటులు మొదలుగా పలు కులములవారు వచ్చి చేరిరి. వారికాయన 29 నియమములను విధించెను. ఆ దేశభాషలో బీస్ అనగా ఇరువది, నౌ అనగా తొమ్మిది. ఆ లెక్కను బట్టియే బిష్ణోయి యను పేరు వచ్చినదని పలువురి యభిప్రాయము.

ఆ నియమములను పరిశీలించినచో ఆయన వివేకము తెలియగలదు. వేకువ స్నానము, శుచి, సత్యము, క్షమ, చౌర్యనిందలు విడుచుట, అమావాస్య ఉపవాసము, విష్ణునామస్మరణము మున్నగునవి కొన్ని. బాలెంతరాలికి ముప్పది దినముల విశ్రాంతి ఒకటి. నల్లమందు, పొగాకు, భంగు, మద్యము, మాంసము వర్జ్యములు. పచ్చని చెట్టు నఱకరాదు. సకల ప్రాణులయందును దయ గలిగియుండవలెను. నీటిని వడగట్టి త్రాగవలెను. కట్టెను పిడకను పురుగు లేకుండ చూచి పొయ్యిలో పెట్టవలెను. ఎద్దు వృషణములు కొట్టరాదు. మేకపోతులును పొట్టేళ్లును కటికవాని పాలు గాకుండ ఊరుమ్మడిగా సాకవలెను. బిష్ణోయీలు శవమును దహింపక భూమిలో పూడ్చుదురు; అందువలన చితికి వలసిన కట్టె మిగులును. మరుభూమిలో ఒక చితి కట్టె ఎంత విలువైనదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇందు చెట్టును కాపాడుట యొక ప్రత్యేక ఘనకార్యముగా చెప్పబడలేదు. స్నానము, సత్యము, వంట, నీరు అను నిత్యకృత్యముల నడుమనే అదియును ఒకటిగా కూర్చబడినది. పండుగనాడు మాత్రమే చేయు ధర్మము మఱునాటికి మఱపునకు వచ్చును. పొయ్యి ముట్టించునపుడెల్ల గుర్తునకు వచ్చు ధర్మము తల్లినుండి బిడ్డకు తానుగా చేరును.

ఈ నియమములు సులభములు కావు. జింకలను చంపరాదనినపుడు అవి మేసిన పైరునకు నష్టపడువాడు రైతే. పచ్చిమ్రాను ముట్టరాదనినపుడు అది తానై యెండి కూలువఱకు వడ్రంగి వేచియుండవలసినదే. ఈ నష్టము నెల్లరును పంచుకొనుటచేతనే కట్టుబాటు నిలిచినది. ఒక్కడు పాటించి తొమ్మండుగురు మీఱినచో ఆ యొక్కడు చెడును. ఊరంతయు పాటించినచో ఊరంతయు బాగుపడును.

జాంభోజీ మిగిలిన యేబదియేండ్లును బోధనయందే గడపెను. ఆయన పలుకులు శబదవాణి యను పేర ప్రసిద్ధములై, 120 శబదములుగా నేటికిని పఠింపబడుచున్నవి. ఆయన మహిమలను గూర్చిన కథలు పెక్కు గలవు. వానినటుంచినను, ఫలోదీ ప్రాంతమున ఆయన త్రవ్వించిన జాంభోలావ్ అను చెఱువు కంటికి కనబడుచున్న మహిమ. అచ్చటికి యాత్రకు పోవువారు చెఱువు అడుగున పేరుకొన్న మన్నును తీసి గట్టున వేయుట పుణ్యకార్యముగా నెంతురు. 1536లో లాలాసర్ కడ ఆయన దేహము చాలించెను. ఆయన సమాధి యున్న చోటికి ముకామ్ అని పేరు. తెలుగున మకామన్నను అదియే. అచ్చట ఏటేట రెండు తిరునాళ్లు జరుగుచున్నవి.

గురువు బోధ నిజముగా వేరూనినదో లేదో ఆయన లేని కాలముననే తెలియును. ఆ పరీక్ష 194 ఏండ్లకు వచ్చెను. 1730లో జోధ్‌పూర్ ప్రభువగు అభయసింగు మందిర నిర్మాణమునకు సున్నము కాల్పవలసివచ్చెను. సున్నపుబట్టీకి కట్టె కావలెను. మంత్రి గిరిధర భండారీ పంపున భటులు గొడ్డళ్లతో ఖేజడ్లీ గ్రామమునకు పోయిరి. అచ్చట జమ్మిచెట్లు దట్టముగా నుండెను. అమృతాదేవి యను బిష్ణోయి గృహిణి వారికడ్డుపడెను. లంచమిచ్చినచో విడిచిపోయెదమని భటులు చెప్పగా, అది తన మతమునకు అవమానమని ఆమె నిరాకరించెనని చెప్పుదురు. ఆమె చెట్టును కౌగిలించుకొని నిలువగా ఆమెను నఱకిరి. ఆమె ముగ్గురు కుమార్తెలును అట్లే ప్రాణములు విడిచిరి. ఆ వార్త విని చుట్టుపట్ల గ్రామములవారు తరలివచ్చి ఒక్కొక్కరు ఒక్కొక్క చెట్టును పట్టుకొని నిలిచిరి. మొత్తము 363 మంది హతులైరి. వారెవ్వరును ఎదురు ఆయుధమెత్తలేదు. పిమ్మట రాజు పశ్చాత్తాపపడి బిష్ణోయి గ్రామములందు చెట్లు నఱకుటను, వేటాడుటను నిషేధించెను.

రాజశాసనము కాపాడిన చెట్టును రాజశాసనమే నఱకగలదు. ఖేజడ్లీలో జరిగినది ఆ రెండవదియే. అచ్చట చెట్టునకు మిగిలిన కావలి పూర్వమెన్నడో ఒక పసులకాపరి ఇంటింట నాటిన నియమము. ఆ నియమము మొదట లేకున్నచో, తరువాతి శాసనమును లేదు.

1983లో రాజస్థాన్ జమ్మిని తన రాష్ట్రవృక్షముగా ప్రకటించెను. 2014లో తెలంగాణయు ఆ చెట్టునే తన రాష్ట్రవృక్షముగా స్వీకరించెను. ఈ విధముగా మరుభూమికిని తెలుగునేలకును ఒక్క చెట్టు చుట్టమైనది. ఖేజడ్లీ బలిదానము జరిగినది భాద్రపద శుద్ధదశమినాడు. ఏటేట ఆనాడే అచ్చట జనులు కూడి మృతులను స్మరింతురు. సరిగా నెలదినములకు ఆశ్వయుజ శుద్ధదశమి వచ్చును. ఆనాడు జమ్మియాకు కోయు చేయి, ఆ చెట్టు మొదట మూడువందల ఏండ్లనాడు నిలిచిన చేతులను తలచుకొనుట మంచిది. ఊరి వెలుపలి జమ్మి మిగిలిన యేడాదియంతయు ఎవరి కావలిలో నున్నదో యోచించుకొనుట ఇంకను మంచిది.