విమానానికి గుండెను కూర్చిన చార్లెస్ టేలర్

విమానమనగానే రైట్ సోదరుల పేరు బడిపిల్లలకు సైతం స్ఫురిస్తుంది. కాని వారి తొలి విమానానికి ఎంజనును స్వహస్తాలతో నిర్మించిన వ్యక్తి మరొకడు. అతడు చార్లెస్ టేలర్.

టేలర్ 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించాడు. బాల్యంలోనే చదువు మాని పనిలో ప్రవేశించాడు. పనిముట్లే అతనికి గురువులైనవి. 1901లో డేటన్ నగరంలోని రైట్ సోదరుల సైకిలు దుకాణంలో వారానికి 18 డాలర్ల జీతంపై చేరినాడు. సోదరులు కిట్టీహాక్ ఇసుక తిన్నెలపై గ్లైడర్లను పరీక్షించే రోజులలో దుకాణపు భారమంతా అతడే వహించేవాడు.

గ్లైడరు ప్రయోగాలు ఫలించిన పిమ్మట సోదరులకు తేలికైన ఎంజను కావలసివచ్చింది. కనీసం 8 అశ్వశక్తి ఉండాలి. బరువు 180 పౌనులకు మించరాదు. కర్మాగారాలకు వ్రాసిన లేఖలు ఫలించలేదు. అప్పుడా బాధ్యత టేలర్‌పై పడింది. అతనికి పెట్రోలు ఎంజనుతో ఉన్న పరిచయం అత్యల్పం. ఒకప్పుడొక కారు ఎంజనును బాగుచేయడానికి ప్రయత్నించాడు, అంతే.

దుకాణంలో ఉన్నవి లేతు, డ్రిల్లింగు యంత్రం, చేతి పనిముట్లు మాత్రమే. కాగితపు ముక్కలపై గీసిన రేఖలే అతనికి ఆధారం. ఉక్కు పలకపై క్రాంకుషాఫ్టు ఆకృతిని గీసి, గీత వెంబడి వరుసగా రంధ్రాలు తొలిచి, అనవసరమైన ఉక్కును ఉలితో కొట్టివేసి, లేతుపై నునుపు చేశాడు. బరువు తగ్గించడానికి క్రాంకుకేసును అల్యూమినియంతో పోత పోయించారు. సిలిండర్లు నాలుగు. పెట్రోలు పంపు లేదు. పైనున్న చిన్న తొట్టి నుండి పెట్రోలు తనంతట దిగివచ్చి, వేడిమికి ఆవిరియై గాలితో కలిసేది.

ఆరు వారాలలో ఎంజను సిద్ధమైంది. కాని 1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుండగా బేరింగు బిగుసుకొని క్రాంకుకేసు పగిలిపోయింది. టేలర్ నిరాశ చెందలేదు. మరల పోత పోయించి, 12 అశ్వశక్తినిచ్చే ఎంజనును పూర్తిచేశాడు.

1903 డిసెంబరు 17న విమానం కిట్టీహాక్ సమీపాన మొదట 12 సెకండ్లు, నాలుగవ పర్యాయం 59 సెకండ్లు గాలిలో నిలిచింది. ఆ శుభసమయాన టేలర్ అక్కడ లేడు, డేటన్‌లోనే ఉండిపోయినాడు.

సోదరుల కీర్తి దిగంతాలకు వ్యాపించింది. టేలర్ మాత్రం మరుగునబడినాడు. కాలిఫోర్నియాలో కొన్న భూములపై తన కష్టార్జితాన్ని పోగొట్టుకొన్నాడు. 1955లో అతడు లాస్ ఏంజెలెస్ ధర్మాసుపత్రిలో ఉన్నట్లు వెల్లడి కాగా, విమాన పరిశ్రమవారు ధనం పోగుచేసి మంచి వైద్యశాలకు చేర్చినారు. 1956 జనవరి 30న అతడు కన్నుమూశాడు. సరిగా ఎనిమిదేండ్ల క్రితం అదే తేదీన ఆర్విల్ రైట్ మరణించాడు.

విమానాల నిర్వహణలో 50 సంవత్సరాలు సేవచేసిన పనివారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే పురస్కారం నేడు టేలర్ పేరనే వెలసింది. ఆలోచన ఎంత గొప్పదైనా, దానికి రూపం కల్పించే చేయి లేనిదే అది నేల విడిచి లేవదు. ఆ చేతిని లోకం గుర్తించడానికి మాత్రం అర్ధశతాబ్దం పట్టింది.