హతసాక్షి డీట్రిక్ బోన్‌హాఫర్

1865 మొదలు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషనువారు నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి ప్రాంతములలో సువార్త పరిచర్య జరిగించిన సంగతి మన పెద్దలు ఎరిగినదే. వారిని పంపిన ఆ దేశపు సంఘమే 1933 తర్వాత గొప్ప అగ్నిపరీక్షకు గురియైనది. అందులో చాలామంది తలవంచారు. తలవంచని కొద్దిమందిలో డీట్రిక్ బోన్‌హాఫర్ గారు ఒకరు.

ఆయన 1906 ఫిబ్రవరి 4న బ్రెస్లావ్ పట్టణములో జన్మించారు. సబీనా ఆయన కవల సోదరి. తండ్రి కార్ల్ గారు పేరుపొందిన మానసిక వైద్యులు. మొదటి ప్రపంచయుద్ధములో, 1918లో, అన్న వాల్టర్ మరణించుట ఆ కుటుంబమునకు తీరని దుఃఖము. డీట్రిక్ గారు 21 ఏళ్ళకే బెర్లిన్‌లో వేదాంతశాస్త్రములో డాక్టరు పట్టము పొందారు. 1930లో న్యూయార్కు వెళ్ళి, అక్కడ హార్లెంలోని నల్లజాతివారి సంఘములో సండే స్కూలు పిల్లలకు బోధించారు. రంగునుబట్టి మనుష్యులను వేరుచేయుట అక్కడ కన్నులార చూశారు. 1931లో గురుత్వాభిషేకము పొంది, బెర్లిన్‌లోని కూలివాడలో గది తీసుకొని, ప్రభు బల్లకు సిద్ధపడు పేద పిల్లలకు పాఠములు చెప్పారు.

1933 జనవరి 30న హిట్లర్ అధికారములోనికి వచ్చాడు. అప్పటికి ఆ దేశములో దాదాపు 60 లక్షలమంది పనిలేక ఉన్నారు. క్రొత్త ప్రభుత్వము పని చూపింది. పెండ్లిచేసుకొను వారికి 1000 మార్కుల వరకు అప్పు ఇచ్చి, బిడ్డ పుట్టినప్పుడెల్లా పావు వంతు కొట్టివేసింది. అయితే పెండ్లికూతురు ఉద్యోగము మానుకోవాలి. చలికాలములో నెలకొక ఆదివారము ప్రతి ఇంట ఒకే కుండలో సాదా వంట చేసుకొని, మిగిలిన డబ్బు పేదల నిధికి ఇవ్వాలని ఏర్పాటు చేసింది. పైకి చూస్తే ఇవన్నీ మంచి పనులే. కాని డబ్బా పట్టుకొని గుమ్మములోనికి వచ్చినవాడు ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో కనిపెట్టేవాడు. వీధి వీధికి పార్టీ మనిషి ఉండేవాడు. పలకరింపు కూడా హిట్లర్ పేరుతోనే జరగాలి. 1939 నాటికి పిల్లలు అతని యువజన దళములో చేరుట తప్పనిసరి అయింది.

ఈ మేళ్ళు అందరికీ కావు. యూదులకు వాటిలో పాలులేదు. 1933 ఏప్రిల్ 1న యూదుల అంగళ్ళకు ఎవరూ పోరాదని పార్టీ బంట్లు కాపు కాశారు. 90 ఏళ్ళు దాటిన బోన్‌హాఫర్ గారి నాయనమ్మ జూలీ వారిని దాటుకొని పోయి, తనకు కావలసిన సరుకు కొనుక్కొని వచ్చింది. కొద్ది రోజులకే యూదులను ప్రభుత్వోద్యోగములనుండి తీసివేశారు. ఉద్యోగము నిలుపుకొనుటకు తాత ముత్తాతలు యూదులు కారని రుజువు చూపాలి. ఆ రుజువు ఎక్కడనుండి వచ్చింది? సంఘముల బాప్తిస్మపు రిజిస్టర్లనుండే! పాస్టర్లు వాటిని తిరగవేసి సర్టిఫికెట్లు వ్రాసి ఇచ్చారు.

అదే సంవత్సరము సెప్టెంబరులో, యూదు వంశములో పుట్టిన పాస్టర్లు పనికిరారని ప్రష్యా సంఘపు మహాసభ తీర్మానించింది. పుట్టుకనుబట్టి చోటు నిర్ణయించుట ఎంత నొప్పియో మన ప్రాంతపు విశ్వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. బాప్తిస్మముకంటె రక్తము గొప్పదన్న సంఘము ఇక సంఘము కాదని బోన్‌హాఫర్ గారు పట్టుబట్టారు. మార్టిన్ నీమొల్లర్ గారితో కలిసి పాస్టర్లను కూడగట్టారు. ఆ కూటమిలో 6000 మందికి పైగా చేరారు. అంతటితో ఆగక, సంఘస్థులు కాని యూదుల పక్షమున కూడ సంఘము నిలువవలెనని బోధించారు. అందుకు తోడువచ్చినవారు బహు కొద్దిమంది.

ఆయన లోపము లేనివారు కారు. సబీనా భర్త యూదు వంశస్థుడు. 1933లో ఆమె మామగారు చనిపోయినప్పుడు, సమాధి ఆరాధన జరిపించుటకు పైవారి సలహా విని వెనుదీసి, పిమ్మట మిక్కిలి పశ్చాత్తాపపడ్డారు.

1934లో గాంధీగారు ఆయనను తమ ఆశ్రమమునకు ఆహ్వానించారు. కాని 1935లో ఫింకెన్‌వాల్డెలో పాస్టర్ల శిక్షణాలయము నడుపు బాధ్యత మీదపడి రాలేకపోయారు. 1937లో పోలీసులు దానిని మూసివేశారు. 1939 నుండి 1941 వరకు, ఖర్చు తప్ప ప్రయోజనము లేనివారని ఎంచి 70,000 మందికి పైగా వికలాంగులను, మానసిక రోగులను ప్రభుత్వమే చంపించింది.

1939లో అమెరికాలో క్షేమముగా ఉండే అవకాశము దొరికినా, తన జనులతో శ్రమపడనివాడు రేపు వారికి బోధింపతగడని తలంచి కొద్ది వారములకే తిరిగి వచ్చారు. 1942లో 14 మందిని స్విట్జర్లాండుకు దాటించిన పనికి తోడ్పడ్డారు. హిట్లర్‌ను తొలగించు కుట్రలోనూ పాలుపొందారు. అది నిర్దోషమైన కార్యమని ఆయన ఎన్నడూ చెప్పుకొనలేదు. 1943 ఏప్రిల్ 5న అరెస్టయి, 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బర్గ్ శిబిరములో ఉరితీయబడ్డారు. అప్పటికి ఆయన వయస్సు 39. రెండు వారములకు అమెరికా సేనలు ఆ శిబిరమును విడిపించాయి. అదే నెలలో ఒక అన్నయు, ఇద్దరు బావలు కూడ చంపబడ్డారు.

నూరేండ్ల పండుగలో మన సంఘపు పాత రిజిస్టర్లు తీసి మురిసిపోవుట సహజమే. అవి మనుష్యులను చేర్చుకొనుటకు వ్రాయబడినవి. వేరుచేయుటకు అక్కరకు రాకుండ వాటిని కాచుకొనుట మన పని. ఇంటికి మేలు వచ్చినప్పుడు, అది ప్రక్క ఇంటివానికి ఎందుకు రాలేదని అడుగుట కూడ మన పనియే.