ఖండించే ముందు అర్థం చేసుకోవాలి: ఇమామ్ గజాలీ (రహ్మలై) జీవితం నేర్పే పాఠం

ధర్మానికి వ్యతిరేకంగా ఎవరో ఒక వ్యాసమో, పుస్తకమో రాశారని తెలియగానే మనలో చాలామందికి ఆవేశం వస్తుంది. అందులో ఏముందో చదవకముందే జవాబు సిద్ధమైపోతుంది. మదరసాలో చదివే రోజుల్లో మేమూ ఈ పొరపాటు చేశాం. ఒక ఉర్దూ పుస్తకాన్ని తోటి విద్యార్థుల ముందు గట్టిగా ఖండించాం. ఆ రచయిత చూపిన ఆధారం ఏమిటో చెప్పమని ఉస్తాద్ గారు అడిగితే తల దించుకున్నాం. అప్పుడు ఆయన మమ్మల్ని మందలించకుండా అల్లామా షిబ్లీ నోమానీ రాసిన ‘అల్ గజాలీ’ మా చేతిలో పెట్టారు. షిబ్లీ గారు హైదరాబాదులో నిజాం ప్రభుత్వ కొలువులో ఉన్న కాలంలో, 1902లో వెలువడిన గ్రంథమది. ఆ ఇమామ్ జీవితంలో మనకు ఎంతో అవసరమైన ఒక పాఠం ఉంది.

ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మలై) హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవాడు. ఆయన చనిపోతూ ఇద్దరు కుమారులనూ ఒక సూఫీ మిత్రునికి అప్పగించారు. ఉన్న కొద్దిపాటి సొమ్ము అయిపోయాక, తిండి, చదువు రెండూ దొరుకుతాయని ఆ మిత్రుడు పిల్లలను మదరసాలో చేర్పించాడు.

ఆయన విద్యార్థి దశలోని ఒక సంఘటనను చరిత్రకారులు చెబుతారు. జుర్జాన్‌లో చదువు ముగించుకుని వస్తుండగా దొంగలు దారి కాచి సామానంతా దోచుకున్నారు. గజాలీ వారి వెంటపడి, తాను పాఠాలు రాసుకున్న కాగితాలు మాత్రం ఇచ్చేయమని వేడుకున్నారు. కాగితాలు పోతే పోయే విద్య ఏం విద్య అని దొంగల నాయకుడు నవ్వాడట. ఆ మాట ఆయన హృదయంలో నాటుకుపోయింది. ఇంటికి చేరాక మూడేళ్ళు కూర్చుని రాసుకున్నదంతా కంఠస్థం చేశారు.

తర్వాత నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మలై) శిష్యరికం చేశారు. గురువుగారు 1085లో మరణించాక మంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానానికి వెళ్ళారు. 1091లో, సుమారు 33 ఏళ్ళ వయసులో, బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో ఆచార్య పదవిని అందుకున్నారు. దాదాపు 300 మంది విద్యార్థులు ఆయన పాఠం వినేవారు.

ముందు అధ్యయనం, తర్వాత ఖండన

ఆ కాలంలో గ్రీకు తత్వశాస్త్రం ప్రభావంలో పడిన కొందరు ఆరాధనలను తేలికగా చూడసాగారు. దానికి జవాబు చెప్పాలనుకున్న ఇమామ్ వెంటనే కలం పట్టలేదు. ఒక శాస్త్రంలోని తప్పు తెలియాలంటే ఆ శాస్త్రపు పండితులతో సమానంగా దానిని తెలుసుకోవాలని ఆయన నమ్మకం. బోధనకూ రచనకూ పోగా మిగిలిన సమయంలో, గురువు సాయం లేకుండానే, రెండేళ్ళలోపు వారి గ్రంథాలన్నీ చదివారు. మరో ఏడాది చదివినదానిపై ఆలోచించారు.

తత్వవేత్తల ఉద్దేశాలను వివరిస్తూ ‘మఖాసిదుల్ ఫలాసిఫా’ రాశారు. అందులో ఖండన లేదు, వివరణ మాత్రమే ఉంది. అది ఎంత నిజాయితీగా ఉందంటే, ముందుమాట లేని లాటిన్ అనువాదం చదివిన ఐరోపా పండితులు గజాలీని కూడా ఆ తత్వవేత్తల్లో ఒకరనుకున్నారు! ఖండన గ్రంథం ‘తహాఫతుల్ ఫలాసిఫా’ 1095లో పూర్తయింది. అందులో ఆయన బలహీనులను ఎంచుకోలేదు. అరిస్టాటిల్‌ను బాగా అర్థం చేసుకున్న ఫారాబీ, ఇబ్నె సీనాల వాదాలనే తీసుకున్నారు. 20 అంశాలను విడివిడిగా పరిశీలించారు. వాటిలో 17 అంశాలను బిద్అత్‌గా, మూడింటిని మాత్రమే కుఫ్ర్‌గా నిర్ణయించారు. ఆ మూడు ఇవి: లోకం అనాది అనడం, అల్లాహ్‌కు ఒక్కొక్క విషయం విడిగా తెలియదనడం, దేహాలతో పునరుత్థానం లేదనడం.

ఆ గ్రంథం ఆరంభంలోనే ఆయన ఒక హెచ్చరిక చేశారు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి రావడం వల్ల చంద్రగ్రహణం ఏర్పడుతుందని లెక్కతో రుజువైంది. ధర్మాన్ని కాపాడుతున్నామనుకుని దానిని కాదనేవాడు ధర్మానికే హాని చేస్తాడని ఆయన చెప్పారు. లెక్క తెలిసినవాడు దాన్ని విన్నప్పుడు లెక్కను అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు.

ఒక అభ్యంతరం

బాతినీల వాదాలను ఖండించమని ఖలీఫా ముస్తజ్‌హిర్ కోరినప్పుడు కూడా ఇమామ్ పద్ధతి ఇదే. వారి వాదాలన్నీ సేకరించి, క్రమంగా అమర్చి, తర్వాత జవాబు రాశారు. దాంతో మనవారిలోనే కొందరు అభ్యంతరపెట్టారు. ప్రత్యర్థులు కూడా ఇంత చక్కగా చెప్పుకోలేని వాదాన్ని మీరే వారికి సమకూర్చారని నిందించారు.

ఇది కొట్టిపారేయదగిన అభ్యంతరం కాదు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) కూడా హారిస్ ముహాసిబీ (రహ్మలై)తో ఇలాగే విభేదించారు. చదివేవాడికి సందేహం అర్థమై, సమాధానం అర్థం కాకపోతే ఏమవుతుందన్నది ఆయన భయం. గజాలీ ఆ మాటను అంగీకరించారు. అయితే అది ఇంకా వ్యాపించని సందేహానికే వర్తిస్తుందన్నారు. ప్రజల్లో పాకిపోయిన సందేహానికి జవాబు తప్పనిసరి, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పకుండా జవాబు కుదరదు. పైగా బాతినీలలో కలిసి వచ్చిన ఒక వ్యక్తి ఆయనకొక సంగతి చెప్పాడు. తమ ఆధారమేమిటో అర్థం చేసుకోకుండా రాసిన ఖండనలను చూసి వారు నవ్వుకుంటారట. అలా నవ్వించే జవాబు రాయకూడదని ఇమామ్ నిశ్చయించుకున్నారు.

తనను తాను ప్రశ్నించుకున్న రోజు

ఇంత చేసిన ఇమామ్ చివరికి తన సంకల్పాన్నే పరీక్షకు పెట్టుకున్నారు. తన బోధన అల్లాహ్ కోసమా, పేరు ప్రతిష్ఠల కోసమా? తనకు దొరికిన సమాధానం ఆయనను వణికించింది. 1095లో ఆరు నెలలు నలిగిపోయారు. పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. ముద్ద మింగుడు పడలేదు. కుటుంబానికి కావలసినంత ఉంచి, మిగతా సంపద పంచేసి బాగ్దాద్ విడిచారు. డమాస్కస్, జెరూసలేం మీదుగా హెబ్రోన్ చేరి, హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి దగ్గర ప్రతిజ్ఞ చేశారు. పాలకుల దర్బారుకు వెళ్ళనని, వారి సొమ్ము ముట్టనని, వాదప్రతివాదాల్లో పాల్గొననని ఆ ప్రతిజ్ఞ. తర్వాత హజ్ చేశారు. ‘ఇహ్యా ఉలూముద్దీన్’ ఆ ఏకాంతవాసం ఇచ్చిన ఫలమే. 1106లో మళ్ళీ నీషాపూర్‌లో బోధన చేపట్టి, 1111లో తూస్‌లో కన్నుమూశారు.

ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకు స్పెయిన్‌లో ఇబ్నె రుష్ద్ ‘తహాఫుతుత్ తహాఫుత్’ రాసి ఇమామ్‌ను ఖండించారు. ఆయన కూడా ఇమామ్ మాటలను భాగాలుగా ముందుంచి, వాటి కిందే తన జవాబు రాశారు. వారి మధ్య విభేదం ఎంత ఉన్నా, ఎదుటివారి మాటను మార్చకుండా ముందుంచే మర్యాద మాత్రం అక్కడ నిలిచింది.

పాఠక సోదరులారా! ఇకపై ఏ రాతకైనా జవాబు చెప్పదలచినప్పుడు మనల్ని మనం రెండు ప్రశ్నలు వేసుకుందాం. అతని వాదాన్ని మనం చెబితే, అవును, నేను అన్నది ఇదే అని అతను ఒప్పుకుంటాడా? మన జవాబు సత్యం కోసమా, చప్పట్ల కోసమా? మొదటి ప్రశ్నకు గజాలీ మూడేళ్ళు వెచ్చించారు. రెండో ప్రశ్న కోసం బాగ్దాద్‌నే వదులుకున్నారు. మనం కనీసం ఆ వ్యాసాన్ని చివరిదాకా చదువుదాం.

అల్లాహ్ మనకు న్యాయంగా మాట్లాడే నాలుకను, నిష్కల్మషమైన సంకల్పాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.