డాక్టరు రాబర్టు డేనియల్ లారెన్సు జీవితము

వైద్యులలో అనేకులు రోగమును ఇతరుల దేహములందు చూచి దాని స్వభావమును నేర్చుకొందురు. అరుదుగా కొందరు ఆ రోగమును తమ దేహమునందే భరించి, దానిని గురువుగా చేసికొని, తాము నేర్చినదానిని లోకమునకు పంచిపెట్టుదురు. అట్టి వారిలో డాక్టరు రాబర్టు డేనియల్ లారెన్సు అగ్రగణ్యుడు. మధుమేహముచే మరణమునకు సిద్ధపడి పరదేశమున నివసించుచుండిన ఈ యువకుడు, ఇన్సులిన్ అను ఔషధముచే బ్రదికి, మరి నలువదియైదు సంవత్సరములు లక్షలాది రోగులకు మార్గదర్శియై జీవించెను.

ఈయన చరిత్ర మన విద్యార్థులకు మరియొక విధముగను ఉపయుక్తము. ఆటలాడి వచ్చిన పిమ్మట అన్నము భుజింపవచ్చునా, తీపి ముట్టవచ్చునా, దానివలన క్రొవ్వు పెరుగునా తరుగునా అను ప్రశ్నలు నేటి యువకులలో తరచుగా వినబడుచున్నవి. వ్యాయామమునకును, పిండిపదార్థములకును, ఇన్సులిన్‌నకును గల సంబంధమును రోగుల యనుదిన జీవితమునకు అన్వయించి చూపిన తొలి వైద్యులలో లారెన్సు ఒకడు. గనుక ఆయన జీవితమును తెలిసికొనినచో ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము కూడ కొంతవరకు లభించును.

బాల్యము, విద్య

లారెన్సు 1892వ సంవత్సరము నవంబరు 18వ తేదీన స్కాట్లండు దేశమందలి అబర్డీను పట్టణమున జన్మించెను. తండ్రి బ్రష్షులు తయారుచేయించు వ్యాపారి. బాలుడు అబర్డీను గ్రామరు పాఠశాలలో చదివి, అచటి విశ్వవిద్యాలయమున ఫ్రెంచి, ఆంగ్ల భాషలలో ఎం. ఏ. పట్టమును పిన్న వయస్సుననే పొందెను. పిదప గ్లాస్గో నగరమున బంధువుల బట్టల వర్తకములో ప్రవేశించెను గాని, ఆ పని ఆయన మనస్సునకు సరిపడలేదు. కొలదికాలములోనే స్వస్థలమునకు మరలివచ్చి వైద్యవిద్య నారంభించెను.

తన మార్గమును కనుగొనిన పిమ్మట ఆయన వెనుకకు చూడలేదు. శరీరనిర్మాణ శాస్త్రము మొదలగు విషయములలో బంగారు పతకములను గెలిచెను. చదువుతో పాటు హాకీ, టెన్నిసు ఆటలలో విశ్వవిద్యాలయము పక్షమున ఆడెను. విద్యార్థి ప్రతినిధి సభకు అధ్యక్షుడుగ నుండెను. 1916లో గౌరవముతో పట్టభద్రుడై, యుద్ధకాలమగుటచే సైనిక వైద్యశాఖలో చేరి, అప్పటి హిందూదేశపు వాయవ్య సరిహద్దునకు పంపబడెను. ఇప్పుడా ప్రాంతము పాకిస్తానులో నున్నది. అచట రక్తగ్రహణిచే పీడితుడై 1919లో స్వదేశమునకు మరలెను.

విపత్తు

ఆరోగ్యము కుదుటపడగనే లండను నగరమందలి కింగ్సు కాలేజి ఆసుపత్రిలో ఉద్యోగమును సంపాదించెను. శస్త్రవైద్యుడు కావలెనని ఆయన కోరిక. 1920లో ఒకనాడు, చెవి వెనుకనుండు ఎముకకు చేయు శస్త్రచికిత్సను మృతకళేబరముపై అభ్యసించుచుండగా, ఉలి దెబ్బకు ఎముక తునక యొకటి ఎగిరి ఆయన కుడికంటిలో పడెను. కన్ను చీముపట్టెను. ఆసుపత్రిలో రోగిగా చేర్చి పరీక్షింపగా మూత్రమునందు చక్కెర కనబడెను. యువకులను శీఘ్రముగ హరించు తీవ్ర మధుమేహము ఆయనకు కలదని తేలెను.

ఆ దినములలో ఈ వాక్యము మరణశాసనముతో సమానము. అప్పటికి ఇన్సులిన్ లేదు. అమెరికా వైద్యుడగు ఫ్రెడరిక్ ఆలెన్ ప్రచారము చేసిన ఉపవాస చికిత్స యొక్కటే శరణ్యము. రోగికి పిండిపదార్థములను మిక్కిలి తగ్గించి, మొత్తము ఆహారమునే కొలతవేసి కొద్దిగా నిచ్చుచుండిరి. రోగి ఎముకల గూడుగా కృశించును; అయినను కొన్ని మాసములో, కొన్ని సంవత్సరములో అధికముగ బ్రదుకును. ఒకవైపున రోగము, మరియొకవైపున ఆకలి: ఈ రెండింటి నడుమ ఆయన ప్రాణము నిలిచియుండెను.

కంటి చూపు చెడుటచే శస్త్రవైద్యమును విడిచి, అదే ఆసుపత్రిలో డాక్టరు హారిసను క్రింద రసాయన పరిశోధనశాలలో చేరెను. రక్తమునందలి చక్కెరను కొలుచు విధానములను అచటనే నేర్చి, తన పరిశోధనలపై వ్యాసమును వ్రాసి ఎం. డి. పట్టమును పొందెను. అనతికాలములో మరణము తప్పదని యెంచి, స్వజనుల కన్నులయెదుట క్షీణించి వారిని దుఃఖపెట్ట నిష్టములేక, ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు పట్టణమునకు పోయి, అచట వైద్యవృత్తి చేయుచు కాలము గడుపుచుండెను. 1922–23 శీతకాలమున దగ్గు, రొమ్ముపడిసెము పట్టి రోగము ముదిరెను. దేహము శుష్కించెను, నరముల బలహీనతచే నడచుటయే కష్టమయ్యెను.

ప్రాణదానము

ఇంతలో సముద్రమునకు ఆవల కెనడా దేశమున గొప్ప కార్యము జరిగెను. 1921లో టొరొంటో విశ్వవిద్యాలయమున బాంటింగు, బెస్టు అనువారు మాక్లియడు ఆచార్యుని పరిశోధనశాలలో, జంతువుల క్లోమగ్రంథినుండి రక్తములోని చక్కెరను తగ్గించు సారమును తీసిరి. కాలిపు అను రసాయనవేత్త దానిని శుద్ధిచేసెను. 1922 జనవరిలో మొదటిసారి ఒక బాలునికి ఇయ్యబడెను. మరుసటి సంవత్సరమునకు ఆ ఔషధము ఇంగ్లండు ఆసుపత్రులకు చేరెను.

1923 మే మాసమున హారిసను పంపిన తంతివార్త ఫ్లారెన్సునకు వచ్చెను. ఇన్సులిన్ తనకు లభించినదనియు, అది పనిచేయుచున్నదనియు, వెంటనే రావలసినదనియు అందలి తాత్పర్యము. లారెన్సు అంత బలహీన స్థితిలోను మోటారు బండిలో ఐరోపాఖండమును దాటి మే 28వ తేదీన లండను చేరెను. 31వ తేదీన మొదటి సూదిమందు వేయబడెను. రెండు మాసములలో ఆయన మరల మనుష్యుడయ్యెను. మరణమునకై గోడతట్టు ముఖము త్రిప్పుకొనిన హిజ్కియా రాజునకు పదునైదు సంవత్సరములు అధికముగ ననుగ్రహింపబడిన వృత్తాంతము మనమెరుగుదుము. లారెన్సునకు అట్టి పదునైదులు మూడు లభించినవి. లభించిన ఆయుస్సును ఆయన ఏమి చేసెననుటయే ఈ చరిత్రలోని సారము.

బోధకుడైన రోగి

స్వస్థతనొందినవెంటనే ఆయన కింగ్సు కాలేజి ఆసుపత్రిలోనే రసాయన పరీక్షకుడుగ నియమింపబడెను. క్రమముగా అచటి మధుమేహ వైద్యశాల ఆయన చేతిలో మిక్కిలి వృద్ధిచెందెను. 1925లో ది డయాబెటిక్ లైఫ్ అను గ్రంథమును ప్రకటించెను. వైద్యులకును రోగులకును కలిపి వ్రాయబడిన ఈ పుస్తకము అనేక ముద్రణములు పొందెను. రోగి తన రోగమును తానే యెరిగి, తన మూత్రమును తానే పరీక్షించి, తన సూదిమందును తానే వేసికొనవలెనని ఆయన సిద్ధాంతము. రోగి వైద్యుని చేతిలో బొమ్మగా నుండరాదు. తన గృహమునకు తానే నిర్వాహకుడు కావలెను.

భోజనమును కొలుచుటకు ఆయన సులభమైన పద్ధతి నొకటి కల్పించెను. పిండిపదార్థములు గల ఆహారములను నల్లని భాగములుగను, మాంసకృత్తులును క్రొవ్వును గల వానిని ఎర్రని భాగములుగను విభజించి పట్టికలు వ్రాసెను. ఒక నల్లని భాగమునందు 10 గ్రాముల పిండిపదార్థముండును. నల్లనిదొకటి, ఎర్రనిదొకటి కలిసి ఒక వరుస యగును. గణితశాస్త్రమెరుగని గృహిణియు ఈ పట్టికను చూచి తన రోగికి వడ్డింపగలదు. ఉపవాసముచే కృశింపజేయు పూర్వచికిత్సకును, ఇష్టము వచ్చినట్లు భుజించుటకును నడుమ ఇది మధ్యమార్గము.

వ్యాయామ రహస్యము

1926లో ఆయన ప్రకటించిన వ్యాసము మన విషయమునకు ముఖ్యము. ఇన్సులిన్ వేసికొనిన రోగి విశ్రాంతిగా నుండినప్పటికంటె, వ్యాయామము చేసినయెడల రక్తములోని చక్కెర అధికముగను శీఘ్రముగను తగ్గుచున్నదని ఆయన చూపెను. అనగా వ్యాయామము ఇన్సులిన్ బలమును పెంచుచున్నది. అందుచే కసరత్తు చేయు రోగి మందును తగ్గించుకొనవలెను, లేదా పిండిపదార్థమును కొంత హెచ్చుగా తినవలెను. లేనిచో చెమటలు పట్టి, చేతులు వణకి, తుదకు స్పృహ తప్పును. ఇట్టి సమయమున కొంచెము చక్కెరయే ప్రాణరక్షకము. అయితే దేహమున ఇన్సులిన్ బొత్తిగా చాలనప్పుడు కఠిన వ్యాయామము మేలుకు మారుగా కీడు చేయును. కాలేయము చక్కెరను ఇంకను విడుదల చేయును, రక్తమున విషామ్లములు పెరుగును. వ్యాయామము ఇన్సులిన్‌నకు సహాయుడేగాని దానికి ప్రతినిధి కాడు.

దీని కారణము తరువాతివారి పరిశోధనలచే స్పష్టమయ్యెను. మనము తిను అన్నము, రొట్టె, పండ్లు జీర్ణమై చక్కెరగా రక్తమున చేరును. ఇన్సులిన్ ఆజ్ఞచే కండరములు ఆ చక్కెరను లోనికి తీసికొని గ్లైకోజన్ అను రూపమున దాచుకొనును. పెద్దవాని కాలేయమున సుమారు 100 గ్రాములును, కండరములన్నిటిలో కలిసి 300 మొదలు 500 గ్రాములును ఈ నిలువ యుండును. పరుగెత్తునప్పుడును బరువులెత్తునప్పుడును ఈ గాదె తరుగును. పనిచేయు కండరము తన కణముల తలుపులను ఇన్సులిన్ ఆజ్ఞ లేకయే కొంతవరకు తెరచుకొనును. వ్యాయామము ముగిసిన పిమ్మటను, ఒక దినము, కొన్నియెడల రెండు దినములవరకు, ఆ కండరము ఇన్సులిన్ మాటను చక్కగా వినును. పిండిపదార్థము తిని గాదె నిండినకొలది ఆ విధేయత మెల్లగా పూర్వస్థితికి వచ్చును.

కొందరు ఈ సత్యమును సగము విని, వ్యాయామానంతరము పిండిపదార్థమును ముట్టకుండినయెడల క్రొవ్వు కరగునని చెప్పుదురు. మరికొందరు ఆ క్షణమున ఎంత తీపి తినినను క్రొవ్వుగా మారదని చెప్పుదురు. రెండును అతిశయోక్తులే. క్రొవ్వు తరుగుట ఒక్కపూట భోజనముచే నిర్ణయింపబడదు. దినములు, వారములు గడచునప్పుడు దేహము వ్యయపరచినదానికంటె తక్కువ తినినచో తరుగును. ఎక్కువ తినినచో పెరుగును. ఒకే దినమున రెండుసార్లు పందెములలో పాల్గొను క్రీడాకారుడు గాదెను త్వరగా నింపుకొనవలెను. సాయంకాలము ఒక్క గంట ఆడి మరునాటివరకు విశ్రమించు బాలునికి అట్టి త్వర యక్కరలేదు. వేళకు తన ఇంటి భోజనము చేసిన చాలును.

స్థూలకాయుల విషయము వేరొకటి. వారి రక్తమున ఇన్సులిన్ సమృద్ధిగా నుండినను, దేహము దాని మాట వినదు. ఇన్సులిన్‌నకు విధేయులగు రోగులును, విధేయులు కాని రోగులును వేర్వేరుగ నున్నారని 1936లో లండను వైద్యుడగు హిమ్స్‌వర్తు నిరూపించెను. ముఖ్యముగా నడుమునందును కాలేయమునందును చేరిన క్రొవ్వు ఈ అవిధేయతను పెంచును. శరీరపు బరువులో నూటికి 5 మొదలు 10 వంతులు తగ్గినను విధేయత మెరుగుపడును. అయితే క్రొవ్వు బొత్తిగా లేకుండుటయు మేలుకాదు. చర్మముక్రింది క్రొవ్వంతయు నశించి, కాలేయము పెరిగి, విస్తారమైన ఇన్సులిన్‌నకు సైతము లొంగని మధుమేహము గల ఒక అరుదైన రోగిని గూర్చి లారెన్సే 1946లో వర్ణించెను. క్రొవ్వును దాచుకొను తగిన స్థలమును సృష్టికర్త దేహమున ఏర్పరచెను. ఆ స్థలము పొంగిపొరలినను, లేకపోయినను బాధయే.

సంఘసేవ, తుదిదినములు

లారెన్సు 1928లో వివాహమాడి ముగ్గురు కుమారులకు తండ్రియయ్యెను. ప్రసిద్ధ గ్రంథకర్త హెచ్. జి. వెల్సు ఆయన రోగులలో నొకడు. వీరిరువురును కలిసి 1934లో మధుమేహ రోగుల సంఘమును స్థాపించిరి. ధనికుడు బీదవానికి, అనుభవము గలవాడు క్రొత్తవానికి తోడ్పడవలెనని దాని ఉద్దేశము. ఆ సంఘము నేటికిని డయాబెటిస్ యూకే అను పేర పనిచేయుచున్నది. 1950లో దేశదేశముల సంఘములు కలిసి అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యగా నేర్పడినప్పుడు ఆయనయే దాని మొదటి అధ్యక్షుడయ్యెను. మధుమేహము గల స్త్రీల ప్రసవ సంరక్షణయందును ఆయన మిక్కిలి శ్రమపడెను. 1968 ఆగస్టులో, డెబ్బదియైదు సంవత్సరముల వయస్సున, ఆయన పరమపదించెను. ముప్పదియేండ్లకే ముగియవలసిన జీవితము ఇంత దీర్ఘముగ సాగెను.

విద్యార్థులారా, ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి మూడు కలవు. మొదటిది: ఒక ద్వారము మూయబడినంతమాత్రమున జీవితము ముగియదు. కన్ను చెడనిచో లారెన్సు మరియొక శస్త్రవైద్యుడై యుండును. కన్ను చెడుటచే రసాయనశాలలో చేరెను, అచటి స్నేహితుడే ఆయనకు ప్రాణవార్తను పంపెను. రెండవది: దేహమును నియమములో నుంచుట బానిసత్వము కాదు, స్వాతంత్ర్యము. తూకము వేసి తిని, మితముగ శ్రమించి, ఆయన ఆరోగ్యవంతులనేకులకంటె ఎక్కువ పనిచేసెను. మూడవది: పొందిన మేలును భూమిలో పాతిపెట్టరాదు. ఇన్సులిన్‌చే బ్రదికినవారు ఆనాడు వేలకొలది యుండిరి. తాను బ్రదికిన విధానమును ఇతరులకు నేర్పుటకే తన బ్రదుకును వినియోగించినవాడు లారెన్సు.

మన గ్రామములలోను పట్టణములలోను ఈ వ్యాధి నేడు పెద్దలనే కాక పిల్లలను సైతము పీడించుచున్నది. మీ తరగతిలో ఇన్సులిన్ వేసికొను బాలుడుగాని బాలికగాని యుండినచో వారిని వింతగా చూడకుడి, ఆటలనుండి దూరము చేయకుడి. వారు ఆటస్థలమున తడబడినప్పుడు పరిహసింపక, స్పృహలో నున్నయెడల వెంటనే కొంచెము చక్కెరనుగాని తీపి పానీయమునుగాని త్రాగుటకిచ్చి ఉపాధ్యాయుని పిలువుడి. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక వైద్యుని రప్పింపుడి. లారెన్సువంటివాడు ఎవడు ఏ బల్లమీద కూర్చుండియున్నాడో మనమెరుగము.